బంగారు రేణువులు, కిరణ చికిత్స

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి సమీపాన, తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు 2012లో గుంటగలగర ఆకుల సారంతో బంగారు నానో రేణువులను, అంటే మీటరులో వందకోట్లవ వంతును ప్రమాణంగా కొలిచేంత సూక్ష్మ రేణువులను తయారుచేసి, వాటికి డాక్సోరూబిసిన్ అనే మందును జోడించి క్యాన్సర్ కణాలపై పరీక్షించారు. అక్కడ బంగారం మందును మోసే వాహనం; ఈ సంచిక పరిశీలించేది దాని మరో శక్తిని. పరమాణు సంఖ్య 79 గల బంగారం, తేలిక మూలకాలతో నిర్మితమైన దేహ కణజాలం కంటే ఎన్నో రెట్లు అధికంగా ఎక్స్-కిరణాలను గ్రహించి ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది; అవి అతి తక్కువ దూరంలోనే శక్తిని విడిచి కణితి డీఎన్ఏను ఛేదిస్తాయి. 2004లో జేమ్స్ హైన్‌ఫెల్డ్ బృందం 1.9 నానోమీటర్ల రేణువులిచ్చి కిరణాలు ప్రయోగించిన ఎలుకల్లో 86 శాతం ఏడాది జీవించగా, కిరణాలు మాత్రమే పొందినవాటిలో 20 శాతమే మిగిలాయి. ఆశ గొప్పదే. అయితే ఆస్పత్రుల్లో లీనియర్ యాక్సిలరేటర్లు వెలువరించే అధికశక్తి కిరణాల వద్ద ఈ ప్రభావం బాగా తగ్గుతుంది, పెద్ద రేణువులు కాలేయంలో, ప్లీహంలో పేరుకుపోతాయి. ఎలుకల ఫలితాన్ని రోగులకు వాగ్దానంగా చూపడం అన్యాయం గనుక, అయోడిన్-125 వంటి తక్కువశక్తి కిరణమూలాన్ని కణితిలోనే అమర్చే బ్రాకీథెరపీకి ఈ సంచికలో తొలి పుటలు దక్కాయి.