ఉబ్బసం అనుకుంటే... గుండెలో కణితి!

గుండెకు కణితేమిటని ఆశ్చర్యపోతున్నారా? గుండెలోనే పుట్టే కణితులు నిజంగానే చాలా అరుదు. పెద్దవాళ్లలో వాటిలో ఎక్కువగా కనిపించేది మిక్సోమా. ఇది క్యాన్సర్ కాదు. అయినా ప్రాణం తీయగలదు.

ఎలాగంటే, నాలుగింట మూడు మిక్సోమాలు గుండె ఎడమ పై గదిలో, గోడకు కాడతో వేలాడుతుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా జిగురుముద్దలా ఊగుతూ మైట్రల్ కవాటానికి అడ్డం పడతాయి. దాంతో ఆయాసం, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం. ముక్క ఊడి రక్తంలో కొట్టుకుపోతే పక్షవాతం. కొందరికి నెలల తరబడి సన్నజ్వరం, బరువు తగ్గడం.

చిక్కంతా ఇక్కడే. ఈ లక్షణాలన్నీ వేరే జబ్బులవీ అయ్యుండొచ్చు. స్టెతస్కోపుకు కూడా ఇది కీళ్లవాత జ్వరంతో కవాటం సన్నబడిన జబ్బులాగే వినిపిస్తుంది. రాజోలు, కొత్తపేట పల్లెల్లో ఆయాసమంటే ముందు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్, తర్వాత ఉబ్బసం మందులు... వారాలు గడిచిపోతాయి. మందులకు తగ్గకపోయినా, పడుకునే పక్క మారితే ఆయాసం పెరుగుతున్నా తగ్గుతున్నా, బీపీ, షుగర్ లేని నడివయసు మనిషికి పక్షవాతం వచ్చినా ‘ఎకో తీయాలా?’ అని మీరే డాక్టరును అడగండి. ఈసీజీ బాగుందని ఊరుకోవద్దు, కణితి అందులో కనబడదు. ఎకో కూడా కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ లాంటిదే. నొప్పి ఉండదు. అది కణితా, గడ్డకట్టిన రక్తమా అన్న అనుమానం మిగిలితే ఎంఆర్‌ఐ అవసరమవుతుంది.

పసిపిల్లల లెక్క వేరు. వాళ్లలో ఎక్కువగా వచ్చే రాబ్డోమయోమా చాలాసార్లు దానంతటదే కుంచించుకుపోతుంది. మిక్సోమాను కరిగించే మందు మాత్రం లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. 1954లో స్వీడన్ సర్జన్ క్రాఫోర్డ్ దీన్ని మొదటిసారి విజయవంతంగా తీశారు. కాడ పుట్టిన చోటుతో సహా తీసేస్తే మళ్లీ రావడం తక్కువే. అయినా డాక్టరు చెప్పిన గడువుకు ఎకో తీయించుకుంటూ ఉండాలి.

2022లో కోనసీమ జిల్లా అయ్యాక కలెక్టరేట్ అమలాపురానికి వచ్చింది. గుండె ఆపరేషన్‌కు మాత్రం చాలా కుటుంబాలు ఇప్పటికీ కాకినాడకో, రాజమహేంద్రవరానికో, విశాఖకో వెళ్తున్నాయి. ‘కోతలయ్యాక చూద్దాం’ అని వాయిదా వేసే ఆపరేషన్ కాదిది. ముక్క ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. ఖర్చు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఎన్టీఆర్ వైద్యసేవలో గుండె ఆపరేషన్లున్నాయి. లంక గ్రామాల వాళ్లయితే, వరద రోజుల్లో కాజ్‌వే మునగకముందే రోగిని ఇవతలి ఒడ్డున చుట్టాలింటికి చేర్చండి.