నో పార్కింగ్ చలానా వచ్చిందా? కట్టేయాలా, ఫైట్ చేయాలా.. ముందు ఆ ఫొటో చూడండి!

మైలవరం నుంచి పని మీద బెజవాడ వెళ్లారు. బీసెంట్ రోడ్ దగ్గర బైక్ పెట్టి, పావుగంటలో పని చూసుకుని వచ్చేశారు. నాలుగు రోజులకి ఫోన్‌కి మెసేజ్.. నో పార్కింగ్ చలానా! కట్టేయాలా? లేక "నా తప్పేం లేదు" అని గట్టిగా అడగాలా? చాలామంది ఈ రెండూ చేయరు. "ఎప్పుడో డిస్కౌంట్ ఇస్తార్లే" అని మెసేజ్ పక్కన పడేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది.

ఫైన్ వేసేది ఎవరు?

లండన్‌లో పార్కింగ్ ఫైన్ ఎక్కువగా వేసేది అక్కడి లోకల్ కౌన్సిల్. 14 రోజుల్లో కడితే సగమే తీసుకుంటారు. ఒప్పుకోకపోతే ముందు కౌన్సిల్‌కి అభ్యంతరం, అక్కడా కాదంటే స్వతంత్ర ట్రిబ్యునల్‌కి అప్పీల్. మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ రోడ్డు మీద నో పార్కింగ్ చలానా రాసేది సాధారణంగా కార్పొరేషనో, పంచాయతీనో కాదు.. పోలీసులు. మోటారు వాహనాల చట్టం కింద రాస్తారు. ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న మైలవరం కూడా విజయవాడ పోలీస్ కమిషనరేట్ పరిధిలోనే ఉంది.

ఎంత పడుతుంది?

చలానాలో ముందు చూడాల్సింది సెక్షన్. 2019 సవరణ తర్వాత సెక్షన్ 177 కింద మొదటిసారి గరిష్ఠంగా రూ.500, మళ్లీ చేస్తే రూ.1,500 వరకు. సెక్షన్ 177-ఏ అని ఉంటే రూ.500 నుంచి రూ.1,000 మధ్య. బండిని టోయింగ్ చేసి తీసుకెళితే, సెక్షన్ 127 ప్రకారం ఆ ఖర్చు కూడా ఓనర్‌దే. అది ఫైన్‌కి అదనం.

ఫొటోలో ఏం చూడాలి?

కెమెరాతో వేసే చలానాలకు 2021 ఆగస్టులో కేంద్రం 167-ఏ అనే రూల్ తెచ్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. తప్పు, నంబర్ ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో ఉండాలి. తేదీ, టైమ్, ప్లేస్ ఉండాలి. ఏ సెక్షన్ కింద వేశారో రాయాలి. కాబట్టి ఫొటో ఓపెన్ చేసి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. బండి నాదేనా? నంబర్ సరిగ్గా ఉందా? ఆ రోజు, ఆ టైమ్‌కి నేను అక్కడ ఉన్నానా? ఫొటోలో ఉన్నది నిజంగా పార్కింగ్ నిషేధం ఉన్న చోటేనా?

"బోర్డు లేదు కదా!"

అందరూ చెప్పే మాట ఇదే. కానీ ప్రతిసారీ పనిచేయదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద, ఇంకొకరి గేటుకి అడ్డంగా, ఇప్పటికే ఆగి ఉన్న బండికి పక్కన రెండో వరసలో పెట్టడం తప్పే. అక్కడ బోర్డు ఉన్నా లేకపోయినా ఒకటే. మైలవరం మీదుగా వెళ్లే 30వ నంబర్ జాతీయ రహదారి పక్కన దుకాణాల ముందు బండ్లు ఆపేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. మామూలు ఖాళీ జాగాలో, బోర్డూ గీతా ఏదీ లేని చోట పెడితే మాత్రం మీ వాదనకి బలం ఉంటుంది. వెంటనే ఆ చోటు ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి.

మరి ఏం చేయాలి?

ఫొటోలో మీ తప్పు స్పష్టంగా ఉంటే కట్టేయడమే మంచిది. రూ.500 కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్ ఛార్జీలు పెట్టుకుని తిరిగితే మిగిలేదేం లేదు. కడితే ఆ కేసు అక్కడితో క్లోజ్. కానీ ఒక్క మాట.. కట్టిన తర్వాత "అది నా బండి కాదు" అంటే వినేవాళ్లుండరు. అందుకే డౌట్ ఉంటే కట్టే ముందే అడగాలి.

బండి మీది కాకపోయినా, మీ నంబర్ వేరే బండి మీద కనిపించినా మొత్తం చిన్నదని వదలొద్దు. ఈరోజు పార్కింగ్ చలానా వచ్చిన ఆ దొంగ నంబర్ మీద, రేపు యాక్సిడెంట్ కేసు కూడా రావచ్చు. ఈ-చలాన్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. ఆర్‌సీ, మీ బండి ఫొటోలతో చలానా వేసిన ట్రాఫిక్ పోలీసులకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బండి అమ్మేసి పేరు మార్పించని వాళ్లకి మాత్రం ఇబ్బందే. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చలానా వాళ్లకే వస్తుంది.

పోలీసులు ఒప్పుకోకపోతే కోర్టులో తేల్చుకోవచ్చు. చిన్న కేసుల్లో రాజీకి లోక్ అదాలత్ ఉంది. అయితే అక్కడ తేలిపోయాక అప్పీల్ ఉండదు.

డిస్కౌంట్ కోసం ఆగితే?

ఈ అలవాటుకి కారణం ఉంది. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ పెండింగ్ చలానాలపై 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చారు. లండన్‌లో ముందు కట్టినవాడికి రాయితీ. ఇక్కడేమో ఆలస్యం చేసినవాడికి. గడువులోపు నిజాయితీగా కట్టినవాళ్లు పూర్తి డబ్బు కట్టి వెర్రివాళ్లయ్యారు.

కానీ గాలి మారుతోంది. 2025 అక్టోబర్‌లో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన ముసాయిదా ప్రకారం.. 45 రోజుల్లో కట్టాలి, లేదా సవాల్ చేయాలి. ఏదీ చేయకపోతే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. అంటే తప్పు చేయనివాడు కూడా ఊరుకుంటే దోషి అవుతాడు. ఊళ్లో ఫోన్ సరిగ్గా చూడని పెద్దవాళ్లకి, పాత నంబర్ మార్చేసినవాళ్లకి ఇది పెద్ద దెబ్బే. ఆర్‌సీకి లింకైన మొబైల్ నంబర్ అప్‌డేట్ చేసుకోవడం ఇవాళే చేయాల్సిన పని.

చివరిగా ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్ వస్తే ముట్టుకోవద్దు. అది మీ బ్యాంక్ ఖాతాని ఖాళీ చేసే ఉచ్చు. మెసేజ్‌లో లింక్ నొక్కకుండా, అధికారిక ఈ-చలాన్ సైట్‌లో మీరే బండి నంబర్ కొట్టి చూసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.