పన్నుకు నివాసి, పింఛనుకు పరదేశి

అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే తెలుగు యింజనీరు గొడవ మనకెందుకని కొందరు మిత్రులంటున్నారు. డాలర్లు గడించేవాడికి కష్టమేమిటట! యీ మాట నేనొప్పుకోను. జీతం పెద్దదైనంత మాత్రాన జీతగాడు యజమాని కాడు.

నివాసి అనే మాటనే తీసుకోండి. అక్కడ గడిపిన యీ యేటి రోజులు, కిందటేటి రోజుల్లో మూడోవంతు, అంతకుముందు యేటివాటిలో ఆరోవంతు కూడి 183 అయితే (యీ యేడు కనీసం 31 రోజులుండాలి లెండి), పన్నుల శాఖ అతణ్ణి నివాసిని చేస్తుంది. గుంటూరులోని యింటి అద్దెకు కూడా లెక్కచెప్పమంటుంది. సాంఘిక భద్రత పేర, ఒక హద్దు వరకు, జీతంలో 6.2 శాతం కోస్తారు. మరి పింఛనో? దానికి 40 క్రెడిట్లు కావాలి. యేడాదికి నాలుగుకు మించి రావు. వీసా గడువు చూస్తే మామూలుగా ఆరేళ్లు! గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డవాడికే పొడిగింపు. ఆరేళ్లకు యింటికొచ్చినవాడి సొమ్ము తిరిగిరాదు.

అక్కడి ముసలివాళ్లకు పింఛను అందితే నాకు సంతోషమే. పన్నులే వద్దనే కోటీశ్వరుల పాట నేను పాడను. కాని జపాను, జర్మనీ మొదలైన దేశాలవాళ్లకు రెండుచోట్లా చేసిన సర్వీసు కలిపి లెక్కగట్టే ఒడంబడికలున్నాయి. మనకు లేదు, చర్చలు మాత్రం యేళ్లతరబడి నడిచాయి.

ఒప్పందాలు రాసుకోవడం చేతగాకనా? రెండు ప్రభుత్వాలూ 1989లో ద్వంద్వ పన్నుల ఒప్పందం చేసుకున్నాయి. అందులో డివిడెండుకొక అధికరణం, వడ్డీకొకటి, రాయల్టీకొకటి. సాంఘిక భద్రత చందాలను మాత్రం రెండో అధికరణంలోనే పేరుపెట్టి మినహాయించారు.