పేట బడి కొత్త టీచరుకు తోడెవరు?

గురజాడ పుట్టిన ఊరని ఎస్. రాయవరాన్ని సభల్లో తలుచుకుంటారు. మంచిదే. మరి ఈ మండలాల్లో మన పేటల బళ్లకు కొత్తగా వచ్చే టీచర్ల సంగతో?

మెగా డీఎస్సీ 16,347 పోస్టులన్నారు. 2025 సెప్టెంబరు 25న అమరావతిలో సభ పెట్టి నియామక పత్రాలిచ్చారు. కొద్దిరోజుల శిక్షణిచ్చి బళ్లకు పంపేశారు. ఒక్క టీచరే ఉన్నచోట అయిదు తరగతుల్నీ ఎలా నడపాలో, ఇంట్లో పలక పట్టినోళ్లు లేని పిల్లకి అక్షరం ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో పక్కనుండి చూపించే మనిషేడి? కాంప్లెక్సు మీటింగులున్నాయంటారు. లెక్కలు, ఫొటోలు, యాప్‌లతోనే అక్కడ పొద్దుగూకుతుంది.

1980ల్లో స్పెషల్ టీచర్లని పేరుపెట్టి నెలకు 398 రూపాయలకు పని చేయించుకున్నారు. జీతం మారింది, గాలికొదిలేయడం మారలేదు. వాళ్లు తడుముకుంటూ నేర్చుకున్నన్నాళ్లూ నష్టం మన పిల్లలకే. ఉన్నోళ్ల పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పోతారు.

మనోళ్లే టీచర్లై వెళ్లినా అద్దిల్లు అడిగితే ముందు కులం అడుగుతున్నారు. తోటి టీచర్లలో "కోటా" అని గుసగుసలు. దీనికి ఏ ట్రైనింగులో పాఠం చెబుతారు?

మొదటి ఏడాదంతా ప్రతి కొత్త టీచరుకీ అనుభవమున్న టీచరును తోడివ్వాలని మేమడుగుతున్నాం. వారానికొక పూటైనా ఆ బడిలో కూర్చోవాలి. తప్పులు రాసి పైకి పంపే తనిఖీ వద్దు. పేట పిల్లల్ని వెనక కూర్చోబెట్టే సీనియర్ని అసలే వద్దు, అదే నేర్పిపోతాడు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. వచ్చే మీటింగులో ఈ మాట తీర్మానంగా రాయించండి. వేలిముద్ర వేసేముందు చదివించుకోండి.