మంచు సూచకక్రియేనా?

2013 డిసెంబర్ 12న యెరూషలేములో మంచు పట్టుకుంది. రెండ్రోజులు తిరిగేసరికి కొన్నిచోట్ల అరమీటరు దాకా పేరుకుంది. బంగారు గుమ్మటం, పడమటి గోడ, సమాధి చర్చి... మూడు మతాల చోట్లూ ఒకే తెలుపు. ఆ ఊళ్లో ఆకు కదిలినా సూచకక్రియ అనేవాళ్లకు మన వైపూ కొదవ లేదు కదా, ఇక మంచు కురిస్తే!

ఆ నగరం దాదాపు 750–800 మీటర్ల ఎత్తున, కొండల మీద ఉంది. ఉత్తరాన్నుంచి దిగిన చలిగాలి మధ్యధరా సముద్రం మీద తేమ పట్టుకుని, ఈ కొండలెక్కుతూ మరింత చల్లబడుతుంది. చలి చాలినంత ఉంటే వాన బదులు మంచు రాలుతుంది. తీరాన ఉన్న టెల్ అవీవ్‌లో ఆ మేఘాలే మామూలు వాన. 1920లో ఇంతకంటే ఎక్కువే పడింది. 2015లో, 2021లో, 2022లో మళ్లీ పడింది. యోబు గ్రంథంలోనూ, కీర్తనల్లోనూ మంచు మాట ఉంది. అవి రాసినవాళ్లకే అది కొత్త కాదు.

వింత కావాలనుకున్న కంటికి ఏదైనా చాలు. ఆ రోజుల్లోనే ఈజిప్టు స్ఫింక్స్ మీద మంచు అంటూ ఒక ఫొటో లోకమంతా తిరిగింది. తీరా చూస్తే జపాన్‌లోని టోబు వరల్డ్ స్క్వేర్ పార్కులో పెట్టిన నమూనా బొమ్మ అది! మనం క్రిస్మస్‌కి పశువుల పాక మీద అంటించే దూది మాత్రం? చలిదేశాల గ్రీటింగు కార్డుల్లోంచి ఊడిపడ్డదే.

సరే, సూచనే అనుకుందాం. ఎవరికి? అదే తుఫానుకు గాజా ఉత్తరాన ఇళ్లు మునిగి జనాన్ని పడవల్లో తరలించారు. లెబనాన్‌లోని బెకా లోయలో సిరియా శరణార్థులు ప్లాస్టిక్ పట్టాల గుడారాల్లో వణికారు. గోడ మీద పడితే అనుగ్రహం, గుడారం మీద పడితే వాతావరణం అనడం ఏం లెక్క? వెచ్చని గదిలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకే ఈ సూచనలు చదివే తీరిక.

యెరూషలేములో రోడ్లు మూసుకుపోయాయి, వేల ఇళ్లకు కరెంటు పోయింది. చిక్కుకున్నవాళ్లను బయటికి చేర్చడానికి శనివారం రైళ్లు నడిపారు. సబ్బాతు పూట! ప్రాణం మీదికొస్తే సబ్బాతును పక్కన పెట్టవచ్చని యూదుల ధర్మశాస్త్రమే ఒప్పుకుంటుంది. మంచులో దేవుణ్ణి వెతికేవాళ్లు ఆ రైలు సంగతి పెద్దగా ఎత్తరు.