వెనుక వరుసలోని వాద్యం

1943వ సంవత్సరంలో బేలా బార్తోక్ అనే హంగేరీ దేశపు స్వరకర్త న్యూయార్క్ నగరంలోని ఒక ఆసుపత్రిలో రోగపీడితుడై ఉన్నాడు. యూరపులో నాజీల ప్రాబల్యాన్ని సహింపలేక 1940లో అమెరికాకు వలస వచ్చిన ఆయనకు ఆ పరదేశంలో ఆరోగ్యమూ దక్కలేదు, తగిన ఆదాయమూ దక్కలేదు. ఆ స్థితిలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా సంచాలకుడు సెర్జ్ కుసెవిట్స్కీ స్వయంగా ఆసుపత్రికి వచ్చి, దివంగతురాలైన తన భార్య నటాలీ స్మృత్యర్థం ఒక కృతిని రచింపవలసిందిగా కోరాడు. పారితోషికం వేయి డాలర్లు. ఆ కోరిక వెనుక బార్తోక్ మిత్రులైన వయొలిన్ విద్వాంసుడు సిగెటీ, సంచాలకుడు ఫ్రిట్జ్ రైనర్‌ల ప్రోద్బలం ఉన్నది. ఆగస్టు 15న మొదలైన రచన అక్టోబరు 8 నాటికి ముగిసింది. 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో తొలిసారి వినిపించిన ఆ కృతి పేరు ‘కన్చర్టో ఫర్ ఆర్కెస్ట్రా’.

ఆ పేరులోనే ఒక చమత్కారం ఉన్నది. పాశ్చాత్య సంగీతంలో కన్చర్టో అనగా సాధారణంగా ఒక విద్వాంసుడు ముందు నిలిచి వాయించగా, మిగిలిన బృందమంతా ఆయనకు తోడుగా నడిచే రచన. ‘ఆర్కెస్ట్రాకే కన్చర్టో’ అనడమంటే, పక్కవాద్యాల వారందరినీ ప్రధాన విద్వాంసులుగా ప్రకటించడమే. (పెళ్లిపందిళ్లలో సినిమా పాటలు పాడే బృందాలను కూడా తెలుగువారు ఆర్కెస్ట్రా అనే అంటారు. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. వయొలిన్లు, చెల్లోలు మొదలుకొని బాకాల వరకు, భేరీల వరకు ఎనభై తొంభై మంది కూర్చుని, లిఖిత స్వరాలను ఏకకాలంలో వాయించే మహాబృందమని గ్రహించాలి.) బార్తోక్‌కు కొద్దికాలం ముందే ఆయన మిత్రుడు కొడాయ్ ఇదే పేరుతో ఒక కృతి రచించాడు, 1954లో పోలెండుకు చెందిన లుతొస్లావ్‌స్కీ మరొకటి రచించాడు. ఇంగ్లండులో బ్రిటన్ అనే స్వరకర్త 1946లో విడుదలైన ఒక విద్యాచిత్రం కోసం, పర్సెల్ రచించిన పాత బాణీని ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్కసారి అప్పగించి, బృందమంతటినీ పిల్లలకు పరిచయం చేశాడు.

ఈ కృతులన్నింటిలో బార్తోక్ రచనలోని రెండవ భాగం ప్రత్యేకంగా వినదగినది. కింది తీగలను సడలించిన సైడ్ డ్రమ్ ఒక్కటే, పొడిపొడిగా, ఆ భాగాన్ని ఆరంభిస్తుంది. ఆ తరువాత గాలివాద్యాలు జంటలు జంటలుగా వేదిక మీదికి నడచివచ్చినట్లు ప్రవేశిస్తాయి. ముందుగా రెండు బసూన్లు. వాటి నడుమ ఆరు స్వరాల దూరం. పిదప సన్నాయివలె జంట పీకతో పలికే ఓబోలు మూడు స్వరాల దూరంలో, క్లారినెట్లు ఏడు స్వరాల దూరంలో, ఫ్లూట్లు ఐదింట, చివరకు నోటికి మ్యూట్ బిగించిన ట్రంపెట్లు ఒకదానినొకటి ఒరుసుకొనేటంత దగ్గరగా రెండు స్వరాల దూరంలో. ఏ జంట నడక దానిది, ఏ జంట హాస్యం దానిది. నడుమ లోహవాద్యాలు మందగతిలో ఒక ప్రార్థనాగీతం వంటి స్వరసముదాయాన్ని పలికినప్పుడు, అంతవరకు నవ్వించిన రచన హఠాత్తుగా గంభీరమవుతుంది. మృత్యువు సమీపంలో ఉన్న మనిషి ఇంతటి వినోదాన్ని రచించగలగడం ఆశ్చర్యకరం. ఆయన 1945 సెప్టెంబరు 26న మరణించాడు.

ఇట్టి రచనలు ధ్వనిముద్రణకు పెద్ద పరీక్ష. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక్కొక్క పక్కకు నాలుగైదు నిమిషాల సంగీతమే పట్టేది. 1948లో ఎల్పీ రికార్డు వచ్చిన తరువాతనే పెద్ద కృతులకు ఊపిరి తిరిగింది. 1951లో మెర్క్యురీ సంస్థవారు చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ను కుబెలిక్ సంచాలకత్వంలో రికార్డు చేసినప్పుడు, బృందమంతటికీ కలిపి ఒకే ఒక్క మైకు ఉంచారు. ముసోర్గ్‌స్కీ పియానో కోసం రచించిన ఆ కృతిని 1922లో రవేల్ ఆర్కెస్ట్రాకు మలచాడు. తొలి స్వరాలు ఒంటరి ట్రంపెట్‌వి. 1955లో అదే బృందంతో, అదే నగరంలో, రైనర్ బార్తోక్ కన్చర్టోను స్టీరియోలో రికార్డు చేయించాడు. ఆ రికార్డు నేటికీ రసజ్ఞుల ఆదరణ పొందుతున్నది.

తరువాతి కాలంలో మైకుల సంఖ్య పెరిగింది. 1960ల నాటికి కొన్ని సంస్థలు వాద్యానికొక మైకు చొప్పున అమర్చి, ఆ ధ్వనులను వేరొక గదిలో మీటల సాయంతో కలపసాగాయి. ఫ్లూట్ వంతు వచ్చినప్పుడు ఫ్లూట్‌ను పెంచడం, హార్ప్ వంతు రాగానే హార్ప్‌ను పెంచడం వారి పద్ధతి. ఈ పద్ధతిని సమర్థించేవారి వాదం తేలికగా తోసివేయదగినది కాదు. సభామందిరంలో శ్రోతకు కన్ను తోడుంటుంది. వాద్యకారుడు వాద్యం ఎత్తడం చూచి చెవి అటు తిరుగుతుంది. రికార్డు వినేవానికి ఆ సాయం లేదు. కాబట్టి చూపు చేసే పనిని మైకు చేస్తే తప్పేమిటని వారి ప్రశ్న.

తప్పు దూరం విషయంలో జరుగుతున్నది. బసూన్ నాలుగు అంగలు ముందుకు వచ్చి నిలిచి, ఆ వెంటనే ఓబో కూడా నాలుగు అంగలు ముందుకు వచ్చి నిలిస్తే, వెనుక వరుస అన్నదే ఉండదు. గుసగుస, గర్జన ఒకే కొలతకు వస్తాయి. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. రెండవ ఓబో వాయించే వ్యక్తి మొదటి ఓబోను వింటూ తన స్వరాన్ని ఒకింత తగ్గిస్తాడు. ట్రాంబోన్ల వారు వయొలిన్ల కోసం తమ బలాన్ని అణచుకొంటారు. ఈ పరస్పర శ్రవణమే ఆర్కెస్ట్రా. ఏళ్ల తరబడి సాధించిన ఆ ఒద్దికను మీటలతో తిరిగి సర్దడం, బాగా వండిన పులుసులో అతిథి మళ్లీ ఉప్పు కలపడం వంటిది. ఎవరు ఎప్పుడు వెలుగులోకి రావాలో బార్తోక్ స్వరాలలోనే నిర్ణయించి ఉంచాడు. రికార్డు ఆ వెలుగుకు అడ్డు తగలకపోతే చాలు. ఒకే మైకుతో చేసిన పాత రికార్డులో కొన్ని సూక్ష్మాలు వినబడకపోవచ్చు, టేపు రొద వినబడవచ్చు. ఆ మాత్రం నష్టం భరింపదగినదే.

వెనుక వరుసవారిని నమ్మడం వల్ల కలిగే మేలుకు ఒక నిదర్శనం ఉన్నది. బార్తోక్ రెండవ భాగపు వేగం ముద్రిత స్వరప్రతిలో నిమిషానికి 74 దెబ్బలుగా ఉండేది. 1980లో సర్ జార్జ్ సోల్టీ చికాగో బృందంతో ఆ కృతిని రికార్డు చేయడానికి అభ్యాసం జరుపుతుండగా, సైడ్ డ్రమ్ వాద్యకారుని ముందున్న కాగితంలో మాత్రం 94 అని ఉన్నట్లు తెలిసింది. బుడాపెస్టులో విద్యార్థిగా బార్తోక్‌ను ఎరిగిన సోల్టీ, అంతవరకు తానూ 74నే అనుసరించానని దాచలేదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుండి స్వహస్త ప్రతి నకలును తెప్పించి చూడగా, అందులోనూ 94 అనే ఉన్నది. పండితులు, సంచాలకులు ఏళ్ల తరబడి పట్టుకొన్న పెద్ద పుస్తకంలో తప్పు ఉండగా, డోలు వాయించే మనిషి ముందున్న ఒంటి కాగితంలో ఒప్పు ఉన్నది! ప్రాచీన కావ్యాల పాఠపరిష్కరణలో ఇట్టి ఘటనలు పండితులకు కొత్త కావు. ఒక మారుమూల తాళపత్ర ప్రతి పెద్ద ప్రతులన్నిటినీ సరిదిద్దిన సందర్భాలు ఉన్నాయి.

అయినను రికార్డు అట్టలపై సంచాలకుని పేరు, చిత్రం పెద్దవిగా అచ్చవుతాయి. వాద్యకారుల పేర్లు చాలా వాటిపై కనబడవు. అడాల్ఫ్ హెర్సెత్ 1948 నుండి 2001 వరకు చికాగో బృందంలో ప్రధాన ట్రంపెట్ విద్వాంసుడు. పైన చెప్పిన మూడు రికార్డులు వెలువడిన కాలమంతటా ఆ స్థానం ఆయనదే. ముగ్గురు సంచాలకులు మారారు. ఆయన పేరైనా సంగీతాభిమానులకు తెలుసు. రెండవ బసూన్ వాయించినవారి పేరు ఎందరికి తెలుసు? ఎనభై తొంభై పేర్లు అచ్చువేయడానికి ఒక్క పుట చాలు. ఆర్కెస్ట్రాయే కథానాయకుడైన కృతి విషయంలోనైనా ప్రకటనకర్తలు ఆ పుటను కేటాయించి ఉండవలసింది.

ఆ రెండవ భాగం చివర జంటలన్నీ ఒకటొకటిగా తిరిగి వచ్చి, తమ మాట ముగించి తప్పుకొంటాయి. సైడ్ డ్రమ్ మళ్లీ ఒంటరిగా మిగులుతుంది. మంచి రికార్డులో ఆ దెబ్బలు ఎక్కడో వెనుక నుండి, మందిరపు గాలితో సహా వినబడతాయి.