థైరాయిడ్ గోలీ వేసుకుంటే సరిపోతుందా?

గద్వాల మా పుట్టిల్లు, వనపర్తి అత్తగారిల్లు, ఆడపడుచును నాగర్‌కర్నూల్ ఇచ్చాం. ఈ మూడు ఊళ్ళలో ఏ పెళ్ళికి పోయినా, చీరల ముచ్చట అయిపోగానే వచ్చేది థైరాయిడ్ ముచ్చటే. "నీది ఎంత డోసు? 25ఆ, 50ఆ?" అని అడుగుతారు. బరువు గురించీ, జుట్టు ఊడటం గురించీ మాట్లాడతారు. గుండె సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నా బాధంతా అదే.

చాలామందికి వచ్చేది హషిమోటో రకం. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే గొంతులోని థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తుంది. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు దీని గురించి మొదట రాశారు. ఆయన వివరించిన నలుగురు రోగులూ ఆడవాళ్ళే. ఇప్పటికీ మగవాళ్ళకంటే మనకే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. యాంటీ టీపీఓ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఉప్పు మార్చితే పోయే జబ్బు కాదు.

మరి గుండెకేం సంబంధం అంటారా? థైరాయిడ్ హార్మోన్ తగ్గితే, రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయం లాగేసుకోవడం తగ్గుతుంది. దాంతో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. బీపీలో కింది అంకె కూడా పెరగొచ్చు. కొందరిలో హోమోసిస్టీన్ కూడా ఎక్కువగా ఉంటుంది. బీ12 తక్కువైనా అది పెరుగుతుంది.

మా ఆడపడుచుకు కొలెస్ట్రాల్ 248 వచ్చింది. ఇంట్లో అందరూ నూనె మీద పడ్డారు. డాక్టరమ్మ మాత్రం ముందు టీఎస్‌హెచ్ చేయించింది. అది 18 ఉంది. "ముందు ఇది సరిచేద్దాం, కొలెస్ట్రాల్ గోలీ సంగతి తర్వాత చూద్దాం" అంది. మూడు నెలలకు రెండూ దిగాయి. అందరికీ ఇలాగే తగ్గుతుందని కాదు. షుగరో, బీపీయో ఉన్నవాళ్ళకు కొలెస్ట్రాల్ గోలీ కూడా కావాల్సి రావచ్చు. అది డాక్టరు తేల్చాలి. కానీ కొలెస్ట్రాల్ ఎక్కువ రాగానే థైరాయిడ్ ఒకసారి చూడమని అడగడం మన చేతిలో పని.

అలాగని వేలు పోసి ఫుల్ బాడీ ప్యాకేజీలు చేయించుకోమనను. సీఆర్‌పీ లాంటివి జలుబు చేసినా, పన్ను వాచినా పెరుగుతాయి. ఆ ఒక్క అంకె చూసి భయపడి ఏం లాభం? టీఎస్‌హెచ్, కొలెస్ట్రాల్, షుగర్, బీపీ, ఈ నాలుగూ ముందు చూపించుకోవాలి. 2021లో సర్కారు మొదలుపెట్టిన డయాగ్నస్టిక్ హబ్‌లలో గద్వాలది ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి మెడికల్ కాలేజీలున్నాయి. సర్కారు దవాఖానలో రక్తపరీక్ష రాయమని అడగడానికి మొహమాటం ఎందుకు?

అసలు అడ్డు డబ్బు ఒక్కటే కాదు. గద్వాల పక్క పత్తి విత్తనాల చేలల్లో పొద్దున్నుంచి క్రాసింగ్ పని చేసే ఆమె "అలసటగా ఉంది" అంటే, "పనికి అలసట రాదా?" అంటారు. మగ్గం మీద కూర్చునే ఆమెకూ అదే జవాబు. ఇంట్లో ఉండే మనలాంటి వాళ్ళకైతే "పనేముందని అలసట?" అంటారు. పని చేసినా, చేయకపోయినా ఆడదాని అలసటకు రక్తపరీక్ష మాత్రం ఉండదు!

గోలీ వేసుకునేవాళ్ళు పరగడుపున నీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట ఆగి చాయ్ తాగండి. ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల ఎడం ఉంచండి. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోండి. బరువు తగ్గాలని సొంతంగా డోసు పెంచొద్దు. గుండెదడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి. గర్భం వచ్చిందని మానేయొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో అందరి రిపోర్టులూ భద్రంగా దాచేది మనమే. అత్తగారి షుగరు కాగితం, ఆయన బీపీ కాగితం ఉన్న ఆ ఫైల్లో మన పేరుతో ఈ ఏడాది కాగితం కూడా ఒకటి ఉండాలి. లేకపోతే ఈ వారంలోనే వెళ్ళిరండి. ఒంటరిగా పోబుద్ధి కాకపోతే పక్కింటి వదినను వెంటబెట్టుకుని పోండి, ఆమెకూ పరీక్ష అవుతుంది.